స్కాండినేవియా క్రైమ్ నవలల్లోని సమాజ విమర్శను పట్టుకుని చదవడం ఎలా?

స్వీడన్, నార్వే, డెన్మార్క్, ఐస్‌లాండ్ దేశాల క్రైమ్ నవలలు ఇంగ్లీష్ అనువాదాల రూపంలో మన పుస్తకాల దుకాణాల్లోకీ, ఫోన్లలోకీ ధారాళంగా వస్తున్నాయి. వాటిని ఉత్సాహంగా మొదలుపెట్టి, నూరు పేజీలు దాటినా దర్యాప్తు అంగుళం కదలకపోవడంతో విసుగు పుట్టి పక్కన పెట్టేసిన పాఠకులూ తక్కువేమీ లేరు. కొమ్మూరి సాంబశివరావు గారి డిటెక్టివ్ యుగంధర్ మొదలుకొని మనకు అలవాటైన అపరాధ పరిశోధన నవలను నడిపించేది హంతకుడెవరన్న ఉత్కంఠ. ఈ నార్డిక్ (ఉత్తర ఐరోపా) నవలల్లో ఆ ఉత్కంఠ ఉంటుంది గాని, దాని అడుగున మరో విచారణ సాగుతూ ఉంటుంది: ఈ హత్య జరగడానికి ముందు ఎవరెవరు, ఏ ఏ కార్యాలయాల్లో, ఏమీ చేయకుండా ఊరుకున్నారు? ఆ రెండో విచారణను అందుకోగలిగితే, విసుగనిపించిన పేజీలే నవలలో ముఖ్యమైన పేజీలని తెలుస్తుంది. అందుకు పనికివచ్చే పద్ధతి ఒకటి ఇక్కడ వివరిస్తున్నాను. కథల మలుపులను వీలైనంత వరకు దాచిపెడతాను. ఒకటి రెండు చోట్ల మాత్రం అది సాధ్యం కాదు.

కొత్త పుస్తకాన్ని పక్కన పెట్టి, 1965తో మొదలుపెట్టండి

మాయ్ షోవాల్, పెర్ వాలో అనే జంట 1965 నుంచి 1975 వరకు పది నవలలు రాశారు. ఇద్దరూ పాత్రికేయులు, ఇద్దరూ వామపక్ష భావాలు గలవారు. రాత్రి పిల్లలు నిద్రపోయాక బల్లకు చెరోవైపు కూర్చుని, ఒక అధ్యాయం ఒకరు, మరో అధ్యాయం మరొకరు రాసేవారు. పదింటినీ కలిపి ఒకే పెద్ద నవలగా తలపెట్టి, ఆ మొత్తానికి ‘ఒక నేరం కథ’ అని అర్థం వచ్చే ఉపశీర్షిక పెట్టారు. అక్కడ ముద్దాయి స్థానంలో నిలబడేది సామాన్యుడిని కాపాడతానని మాట ఇచ్చి, మధ్యలో వదిలేసిన స్వీడన్ రాజ్యమే. తర్వాత వచ్చిన ప్రతి స్కాండినేవియా రచయిత ఈ పది పుస్తకాలకు ఎంతో కొంత రుణపడి ఉన్నాడు కాబట్టి, ఇక్కడి నుంచి బయలుదేరితే మిగతా దారి సులువవుతుంది.

మొదటి నవల ‘రోజానా’. మోటాలా పట్టణం దగ్గర యోటా కాలువలో పూడిక తీసే యంత్రానికి ఒక యువతి శవం చిక్కుతుంది. ఒంటిమీద బట్టలు లేవు, ఆమె ఎవరో చెప్పే ఆధారం లేదు, తప్పిపోయిందని ఫిర్యాదు చేసినవారూ లేరు. మార్టిన్ బెక్ అనే పోలీసు అధికారికి ఆమె పేరు తెలియడానికే నెలలు పడుతుంది. ఆమె ప్రయాణించిన విహార నౌకలోని యాత్రికులందరూ అప్పటికి తమ తమ దేశాలకు వెళ్లిపోయి ఉంటారు. పోలీసులు వారికి ఉత్తరాలు రాసి, సెలవుల్లో తీసుకున్న ఫొటోలనూ, చిన్న కెమెరాలతో తీసిన ఫిల్ములనూ తెప్పించుకుంటారు. చీకటి గదిలో ప్రొజెక్టర్ ముందు కూర్చుని, డెక్ మీద నవ్వుతున్న అపరిచితుల వెనుక ఆమె ఎక్కడైనా కనిపిస్తుందేమోనని చూస్తారు. ఈ ఘట్టాన్ని తొందరపడకుండా చదవండి. అన్ని కెమెరాల మధ్య తిరిగిన మనిషి ఒకరి కంటికీ ఆనలేదన్న సంగతి ఉపన్యాసం లేకుండానే అక్కడ రుజువవుతుంది.

పది నవలలూ చదివే ఓపిక లేనివారు ‘రోజానా’ తర్వాత నాలుగోదైన ‘ది లాఫింగ్ పోలీస్‌మన్’ (1968) తీసుకోండి. అమెరికాలో క్రైమ్ రచనలకు ఇచ్చే ఎడ్గర్ బహుమతి పొందిన నవల అది. వియత్నాం యుద్ధానికి వ్యతిరేకంగా అమెరికా రాయబార కార్యాలయం ముందు జరిగే ప్రదర్శనను చెదరగొట్టడానికి స్టాక్‌హోమ్ పోలీసులు వందల సంఖ్యలో మోహరించి ఉన్న వాన రాత్రి, అదే నగరంలో ఒక మూలన డబుల్ డెక్కర్ బస్సులోని ప్రయాణికులను ఎవరో కాల్చేస్తారు. పోలీసు బలగం ఎక్కడ ఉంది, ఎక్కడ లేదు అన్నది తొలి పేజీల్లోనే మన ముందుకు వస్తుంది.

రాజ్యం ఏం మాట ఇచ్చిందో ముందు తెలుసుకోండి

ఇచ్చిన మాట తెలియకపోతే, మాట తప్పడంలోని బాధ పాఠకుడికి తగలదు. అందుకని నవలకు ముందో, మధ్యలోనో కొంచెం చరిత్ర చదువుకోవాలి. 1928లో స్వీడన్ సోషల్ డెమోక్రాట్ పార్టీ నాయకుడు పేర్ ఆల్బిన్ హాన్సన్ దేశాన్ని ప్రజలందరి ఇల్లుగా వర్ణించాడు. మంచి ఇంట్లో ఒకరు ముద్దుబిడ్డ, మరొకరు సవతి బిడ్డ అన్న తేడా ఉండదని ఆయన వాదన. తర్వాత కొన్ని దశాబ్దాలపాటు ఆ పార్టీయే అధికారంలో ఉండి, పన్నులు పెంచి, చదువు, వైద్యం, పింఛను, గృహవసతి అందరికీ అందే వ్యవస్థను నిర్మించింది. ఇది నిజమైన విజయం. ఈ రచయితలెవరూ దాన్ని కొట్టిపారేయరు.

అయితే అదే ఇంట్లో తలుపు వేసిన గదులూ ఉన్నాయి. స్వీడన్‌లో 1930ల నుంచి 1970ల మధ్య వరకు అమలులో ఉన్న స్టెరిలైజేషన్ చట్టాల కింద అరవై వేలకు పైగా మందికి పిల్లలు పుట్టకుండా ఆపరేషన్లు చేశారు. వారిలో అత్యధికులు స్త్రీలు. చాలామంది మీద ఒత్తిడి తెచ్చి ఒప్పించారు, కొందరిని అసలు అడగనే లేదు. డెన్మార్క్‌లో స్ప్రోగో దీవిలో 1923 నుంచి 1961 వరకు ఒక నిర్బంధ గృహం నడిచింది. నడవడిక బాగాలేదని అధికారులు తేల్చిన యువతులను అక్కడ ఉంచేవారు. నేడు కోపెన్‌హాగన్ నుంచి ఓడెన్సె వెళ్లే రైలు ఆ దీవి మీదుగానే పరుగెడుతుంది. డెన్మార్క్ రచయిత యుస్సి ఆడ్లర్-ఓల్సెన్ ఆ గృహాన్ని కేంద్రంగా చేసుకుని ఒక నవల రాశాడు. మంచి ఉద్దేశం గల ప్రభుత్వమే ఇలాంటి పనులు చేయగలదన్న ఎరుక ఈ సాహిత్యానికి పునాది. ఈ నేపథ్యం కోసం లావుపాటి గ్రంథాలు తిరగేయనక్కర లేదు, ఒక సాయంత్రం కేటాయిస్తే చాలు.

కాగితం మీద రెండు వరుసలు గీయండి

పద్ధతికి ప్రాణం ఈ మెట్టే కాబట్టి ఇక్కడ కాస్త ఎక్కువసేపు ఆగుతాను. పుస్తకంలో ఒక ఖాళీ కాగితం పెట్టుకుని నిలువుగా మధ్యకు గీత గీయండి. ఎడమవైపు నేరానికి సంబంధించిన ఆధారాలు రాయండి: శవం ఎక్కడ దొరికింది, చివరిసారి ఎవరు చూశారు, ఎవరి వాంగ్మూలం ఎవరి మాటతో పొసగడం లేదు. కుడివైపు కథలో ఎదురయ్యే ప్రతి సంస్థనూ రాయండి: సంక్షేమ శాఖ, బ్యాంకు, ఆసుపత్రి, పత్రిక, శరణార్థి శిబిరం, వృద్ధాశ్రమం, పోలీసు శాఖలోని పై అధికారి గది. ఆ సంస్థ పేరు పక్కన, అది ఆ పాత్రకు ఏం చేసింది, ఏం చేయలేదు అన్నది ఒక్క ముక్కలో రాసుకోండి. నవల సగానికి వచ్చేసరికి కుడివైపు వరుస ఎడమవైపు దానికన్నా పొడవుగా ఉంటే మీరు మంచి పుస్తకమే చదువుతున్నారు.

ఒక నవల మీద ఈ పద్ధతిని ప్రయోగించి చూద్దాం. హెన్నింగ్ మాంకెల్ 1991లో ‘ఫేస్‌లెస్ కిల్లర్స్’ ప్రచురించాడు. స్వీడన్ దక్షిణ కొసన ఉన్న స్కోనె ప్రాంతంలో, యిస్టాడ్ పట్టణానికి దగ్గరి పల్లెలో, జనవరి తెల్లవారుజామున ఒక వృద్ధ రైతు దారుణంగా హతమై కనిపిస్తాడు. కొన ఊపిరితో ఉన్న భార్యను ఆసుపత్రికి తరలిస్తారు. ఆమె చనిపోయే ముందు ‘విదేశీ’ అన్న ఒక్క మాట పలుకుతుంది. ఎడమవైపు రాయవలసినవి: తాడుకు వేసిన అసాధారణమైన ముడి, ఆ రాత్రి కొట్టంలోని గుర్రానికి ఎవరో మేత వేసి ఉండడం, రైతుకు ఊరికి తెలియని డబ్బు ఉండడం. ఇద్దరిని అంత క్రూరంగా హింసించిన చేతులు గుర్రానికి గడ్డి ఎందుకు వేశాయన్న ప్రశ్న చాలా పేజీల పాటు మనల్ని వదలదు.

ఇప్పుడు కుడివైపు చూడండి. చనిపోతున్న ఆమె పలికిన మాట పోలీసు శాఖలోంచి ఎవరి ద్వారానో బయటికి పొక్కి వార్తల్లోకి ఎక్కుతుంది. ఆ వెంటనే శరణార్థి శిబిరానికి నిప్పు పెడతారు, హత్యతో ఏ సంబంధమూ లేని ఒక సోమాలీ మనిషి ప్రాణం పోతుంది. శరణార్థుల వ్యవహారాలు చూసే శాఖకు ఎవరు ఎక్కడ ఉంటున్నారో తనకే సరిగా తెలియదు. ఇన్‌స్పెక్టర్ కర్ట్ వలాండర్‌ది మరో ఇరకాటం. హంతకులు విదేశీయులు కాకపోతే బాగుండునని అతను మనసులో కోరుకుంటాడు. ప్రభుత్వం వలసలను అడ్డదిడ్డంగా నడుపుతోందన్న కోపమూ అతనిలో ఉంది, ద్వేషం పెరుగుతుందన్న భయమూ ఉంది. రచయిత ఆ రెండింటినీ ఒకే మనిషిలో ఉంచి, ఏది సరైనదో తేల్చకుండా వదిలేశాడు. ఈ నవలలో నాకు అన్నింటికన్నా నిజాయితీగా కనిపించేది ఇదే. ఆ ఏడాది ఆగస్టులోనే స్టాక్‌హోమ్‌లో ఒక వ్యక్తి వలస వచ్చినవారిని ఎంచి కాల్చడం మొదలుపెట్టాడు. 1992 జనవరి వరకు మొత్తం పదకొండు మందిని కాల్చగా ఒకరు చనిపోయారు. మాంకెల్ కల్పించిన భయం గాలిలోంచి పుట్టింది కాదని ఆ వరుస కాల్పులు చెబుతాయి.

కాగితం నిండాక రెండు వరుసలనూ కలిపి చదవండి. ఎడమవైపు రాసుకున్న ఆధారం ఒకటి కుడివైపు సంస్థ నిర్లక్ష్యం వల్లనే పోలీసులకు ఆలస్యంగా అందినట్టు కనిపిస్తే అక్కడ గీత గీసి కలపండి. విమర్శ ఆ గీతల దగ్గరే ఉంటుంది. పాత్రలు కాఫీ తాగుతూ దేశం పాడైపోయిందని వాపోయే సంభాషణలను విమర్శగా లెక్కవేయకండి. అవి బలహీనమైన రచయితకు కూడా సులువుగా వస్తాయి.

పోలీసు అధికారి ఒంటినీ ఇంటినీ గమనించండి

బెక్‌కు ఎప్పుడూ కడుపులో నలత, మనసు విరిగిన కాపురం. వలాండర్‌ది విడాకులైన ఒంటరి బతుకు, నిద్ర చాలదు, కొన్ని పుస్తకాల తర్వాత మధుమేహం బయటపడుతుంది. అతని తండ్రి చిత్రకారుడు. ఏళ్ల తరబడి ఒకే ప్రకృతి దృశ్యం గీస్తూ ఉంటాడు, ఒక్కోసారి అందులో అడవికోడి ఉంటుంది, ఒక్కోసారి ఉండదు. మతి తప్పుతున్న ఆ ముసలాయనను ఎవరు చూసుకోవాలన్న తగువు హత్య కేసుకు సమాంతరంగా నడుస్తుంది. ఇదంతా పాత్రను నిండుగా చూపడానికి చేర్చిన సరుకు అనుకుని దాటవేయకండి. వృద్ధుల బాధ్యత రాజ్యానిదని నమ్మిన సమాజంలో కొడుకు పాత్ర ఏమిటన్న ప్రశ్న ఈ పేజీల్లోనే ఉంది. తల్లిదండ్రులను ఇక్కడ ఉంచి పిల్లలు విదేశాల్లో స్థిరపడిన తెలుగు ఇళ్లలో చదివేవారికి ఈ భాగం వేరుగా వివరించనక్కర లేదు.

దేశం మారితే మీ ప్రశ్ననూ మార్చండి

స్కాండినేవియా అని ఒకే గాట కట్టడం ప్రచురణకర్తలకు సౌకర్యం, పాఠకుడికి నష్టం. స్వీడన్ నవలను చదువుతున్నప్పుడు సంక్షేమ వ్యవస్థ ఎక్కడ బీటలు వారిందని అడగండి. నార్వే నవల అయితే రెండో ప్రపంచ యుద్ధం గురించి అడగండి: నాజీల తరఫున సోవియట్ సేనల మీద తూర్పు రణరంగానికి వెళ్లి పోరాడిన నార్వే యువకుల కథను యూ నెస్బో ‘ది రెడ్‌బ్రెస్ట్’ (2000)లో ఎత్తుకుని, నాజీ ఆక్రమణను ఎదిరించిన వీరగాథ మీద పెరిగిన దేశానికి దాని రెండో ముఖం చూపించాడు. ఆ దేశంలో ఆన్నె హోల్ట్ అనే రచయిత్రి 1996–97లో న్యాయశాఖ మంత్రిగా కూడా పనిచేశారు. లోపలి నుంచి చూసినవారు రాస్తే దర్యాప్తు ఫైళ్లు ఎలా కదులుతాయో, ఎలా ఆగుతాయో తెలిసివస్తుంది.

డెన్మార్క్ అనగానే అది వలసగా పాలించిన గ్రీన్‌లాండ్‌ను గుర్తుంచుకోండి. పీటర్ హోయ్ 1992లో రాసిన స్మిల్లా నవలలో, కోపెన్‌హాగన్‌లో ఒక గ్రీన్‌లాండ్ పిల్లవాడు మిద్దె మీది నుంచి పడి చనిపోతాడు. ఆడుకుంటూ జారిపడ్డాడని పోలీసులు తేల్చేస్తారు. సగం గ్రీన్‌లాండ్ రక్తం గల స్మిల్లా మాత్రం మంచు మీది అడుగుజాడలు చూసి, వాడు ఆడుకోలేదనీ ఎవరి నుంచో పరుగెత్తాడనీ గ్రహిస్తుంది. పాలకులకు చదవడం రాని మంచును పాలితురాలు చదవగలగడంలోనే వలస పాలన మీద నవల చేసే వ్యాఖ్యానం ఇమిడి ఉంది.

ఐస్‌లాండ్ చిత్రం వేరు. నాలుగు లక్షలైనా లేని జనాభాలో హత్యలే అరుదు. చాలా సంవత్సరాల్లో వాటిని వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. అక్కడి రచయిత ఆర్నల్దుర్ ఇంద్రిదాసన్ అందుకే పాత నేరాలను తవ్వుతాడు. ‘సైలెన్స్ ఆఫ్ ది గ్రేవ్’ ఆరంభంలో రేక్యవిక్ శివారులో పుట్టినరోజు వేడుక జరుగుతుంటుంది; నేల మీద కూర్చున్న పసిబిడ్డ దేన్నో చప్పరిస్తూ ఉంటుంది. తమ్ముడిని తీసుకెళ్లడానికి వచ్చిన వైద్య విద్యార్థి అది మనిషి ఎముక అని గుర్తిస్తాడు. అక్కడి నుంచి కథ యుద్ధకాలంలో భార్యను చితకబాదిన ఒక భర్త ఇంటికి, అది తెలిసీ నోరు మెదపని చుట్టుపక్కల వారి దగ్గరికి వెళ్తుంది. ఆయనదే ‘జార్ సిటీ’ (2000) చదివేటప్పుడు మరో సంగతి తెలిసి ఉండాలి: దేశ ప్రజలందరి ఆరోగ్య వివరాలను ఒకే చోట చేర్చడానికి ఐస్‌లాండ్ పార్లమెంటు 1998లో చట్టం చేసింది. ఎవరి బిడ్డ ఎవరన్న రహస్యం కంప్యూటర్‌లో ఉంటే ఏమవుతుందో నవల ఊహించింది.

ఎక్కువగా అమ్ముడైన పుస్తకాన్ని అనుమానంతో చదవండి

ఈ సాహిత్యం ప్రపంచమంతా పాకడానికి ఒకే కారణం చెప్పలేం. ప్రపంచంలోకెల్లా సురక్షితమైన, పద్ధతి గల దేశాలుగా పేరుపడ్డ చోట రక్తం కనిపించడంలోని వింత ఒకటి. సరళమైన వాక్యం వల్ల అనువాదంలో పెద్దగా నష్టపోకపోవడం మరొకటి. నార్వేలో ఈస్టర్ సెలవుల్లో క్రైమ్ నవలలు చదవడం 1923 నుంచి ఉన్న సంప్రదాయం. ఆ రోజుల్లో పాల డబ్బాల మీద కూడా చిన్న నేరకథలు అచ్చువేస్తారు. అంటే బయటివారు కొనకముందే ఇంటి పాఠకులు దండిగా ఉన్నారు. ఇక 2005లో స్టీగ్ లార్సన్ నవల ‘ది గర్ల్ విత్ ది డ్రాగన్ టాటూ’ రావడంతో అమ్మకాలు కోట్ల ప్రతులకు చేరాయి.

లార్సన్‌ను చదవడానికి ప్రత్యేకమైన జాగ్రత్త కావాలి. ఆయన మితవాద తీవ్రవాదాన్ని వెలికితీసే ‘ఎక్స్‌పో’ పత్రికలో పనిచేసిన పాత్రికేయుడు. పుస్తకం అచ్చుకాకముందే 2004 నవంబరులో చనిపోయాడు. నవలలోని భాగాల ముందు స్త్రీలపై హింస గురించిన గణాంకాలు ఉంచాడు. స్వీడన్ స్త్రీలలో 18 శాతం మందిని ఎప్పుడో ఒకప్పుడు ఒక పురుషుడు బెదిరించాడన్నది మొదటిది, 46 శాతం మంది పురుషుడి హింసకు గురయ్యారన్నది ఆ తర్వాతిది. చాలామంది ఈ అంకెలను తిప్పేసి కథలోకి దూకుతారు. మీరు ఆగి చదవండి. ఎందుకంటే కథానాయిక లిస్బెత్ సలాండర్ మీద జరిగే అత్యాచారానికి దారి తీసింది ఒక చట్టపరమైన ఏర్పాటు: వయోజనురాలైనా ఆమె బ్యాంకు ఖాతా ప్రభుత్వం నియమించిన సంరక్షకుడి చేతిలో ఉంటుంది, కావలసిన డబ్బు కోసం ఆమె అతని గదికి వెళ్లక తప్పదు. అదే సమయంలో, స్త్రీలపై హింసను ఖండించే నవల ఆ హింసను ఇంత వివరంగా చూపడం అవసరమా అని అడిగే పాఠకులతో నేను చాలావరకు ఏకీభవిస్తాను. సంరక్షకుడి అధికారం ఎలా పనిచేస్తుందో చూపే పుటలు ఇచ్చే కోపం, ఆ హింసా దృశ్యాలు ఇవ్వవు.

లార్సన్ విజయం తర్వాత మంచు, ఉన్ని స్వెటరు, తాగుబోతు పోలీసు, ఒక వికృత హంతకుడు ఉంటే చాలన్న ధోరణిలో పుస్తకాలు వచ్చిపడ్డాయి. వాటిని వేరుచేయడానికి ఒక పరీక్ష ఉంది. నవలలోని నేరాన్ని మనసులోనే మరో దేశానికి తరలించి చూడండి. కథ ఏమీ చెక్కుచెదరకుండా నిలబడితే అందులోని స్కాండినేవియా వట్టి తెరచిత్రం. సలాండర్ కథ ఆ సంరక్షక చట్టం లేకుండా నిలబడదు; స్మిల్లా కథ గ్రీన్‌లాండ్ లేకుండా అసలు మొదలే కాదు. పరీక్షలో తప్పిన పుస్తకాన్ని కాలక్షేపానికి చదువుకోవడంలో తప్పేమీ లేదు, కాగితం మాత్రం మడిచి పెట్టేయండి.

టీవీ ధారావాహికలకూ ఇదే పద్ధతి వర్తిస్తుంది. డెన్మార్క్ ప్రభుత్వ ప్రసార సంస్థ 2007లో తీసిన ‘ది కిల్లింగ్’ మొదటి భాగం ఒకే అమ్మాయి హత్య చుట్టూ ఇరవై ఎపిసోడ్లు నడుస్తుంది; పోలీసులు, ఆ అమ్మాయి కుటుంబం, నగర ఎన్నికల రాజకీయం అనే మూడు చోట్లకూ సమాన సమయం ఇస్తుంది. కుటుంబం ఇంట్లో జరిగే దృశ్యాలను ముందుకు జరపకుండా చూడండి.

‘ది టెర్రరిస్ట్స్’ను చివరికి ఉంచండి

షోవాల్, వాలోల పదో నవల 1975లో వచ్చింది. వాలో ఆ వేసవిలోనే కన్నుమూశాడు. ఇక్కడ కథ కొంత చెప్పక తప్పదు. అందులో స్వీడన్ ప్రధానమంత్రి తుపాకీ కాల్పులకు బలవుతాడు. 1986 ఫిబ్రవరి 28 రాత్రి, సినిమా చూసి భార్యతో నడిచివెళుతున్న ప్రధాని ఓలోఫ్ పాల్మెను స్టాక్‌హోమ్ వీధిలో నిజంగానే ఎవరో కాల్చి చంపారు. దాంతో ఈ నవలను జోస్యంగా పొగడడం ఆనవాయితీ అయింది. ఆ పొగడ్తకు లొంగకండి. లొంగితే పుస్తకంలో ఉన్నది కనిపించదు. నవలలో కాల్చినది రెబెకా లిండ్ అనే పల్చటి అమ్మాయి, చేతిలో పసిబిడ్డ గల ఒంటరి తల్లి. బిడ్డ తండ్రి దగ్గరికి వెళ్లడానికి డబ్బు కావాలని ఆమె అమాయకంగా బ్యాంకుకు వెళ్లి అడిగితే దొంగతనానికి వచ్చిందని పట్టుకుంటారు. కోర్టు నిర్దోషిగా వదిలిపెట్టినా ఆమెకు సాయం చేయవలసిన తలుపులు ఒక్కొక్కటే మూసుకుపోతాయి. ఈ నవలకు మీ కాగితం మీద ఎడమవైపు వరుస వదిలేయండి. రెబెకా ఏ కార్యాలయానికి వెళ్లింది, అక్కడ కిటికీ వెనుక కూర్చున్నవారు ఏం జవాబిచ్చారు, ఆ తర్వాత ఆమెను ఎక్కడికి పొమ్మన్నారు అన్నవి మాత్రం వరుసగా రాసుకుంటూ వెళ్లండి.